మూడో బేస్ మీద సొబ్‌చాక్

ఫిబ్రవరి 17, 2018. శనివారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నాకు రాతపని తక్కువేం లేదు. వంటింటి బల్ల మీద 1938 నాటి లేక్ షోర్ బేస్‌బాల్ లీగ్ కాగితాలు మోచేతి ఎత్తున పేరుకుని ఉన్నాయి. ఆటకో కాగితం, కాగితానికి రెండు వైపులా నా కోడికెలుకుడు రాత. ఇది చాలక డైరీ కూడానా అనిపించింది. కానీ ఈ మధ్యాహ్నం ఇదే బల్ల దగ్గర జరిగింది స్కోరు కాగితంలో పట్టలేదు. దానికి గడి లేదు.

జరిగిందేమిటంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో పాచికలు వేశాను. ఎర్రది మూడు, తెల్లది ఒకటి. ఎర్రది పదులు, తెల్లది ఒకట్లు కాబట్టి ముప్పై ఒకటి. ఒక్కో ఆటగాడికి ఒక అట్టముక్క, దాని మీద ఏ అంకెకి ఏం జరుగుతుందో రాసి ఉంటుంది. కాజ్ సొబ్‌చాక్ అట్టముక్క మీద ముప్పై ఒకటికి ఎదురుగా ‘నడక’ అని ఉంది. అంటే ఎదుటివాడు నాలుగు చెడ్డ బంతులు విసిరాడు, సొబ్‌చాక్ ఒక్కదానికీ బ్యాటు ఊపలేదు, తీరిగ్గా మొదటి బేస్‌కి నడిచి వెళ్లాడు.

“నడక,” అన్నాను.

ఎదురుగా కూర్చున్న బెర్నడీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఏమయ్యా ఎర్విన్, ఒక్కదానికీ ఆశపడలేదా?”

“లేదు. నాలుగూ వదిలేశాడు.”

“నేనూ అంతే. ఏ వస్తువూ మొదటిసారి చూసి కొనను. మా ఆయన విసుక్కుని కారులో కూర్చునేవాడు.” అని, ఆ బూట్లపెట్టె అట్ట కేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

బెర్నడీన్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. సొబ్‌చాక్ ఆవిడ తండ్రి. ఆవిడ పుట్టడానికి మూడు నెలల ముందే పోయాడు. ఉన్న ఫొటో ఒక్కటే, అందులోనూ టోపీ నీడ ముఖం మీద పడింది. ఆయన ఏదైనా చేస్తుండగా ఆవిడ చూడటమంటూ జరిగితే అది నా వంటింట్లోనే.

దీన్ని ఏ గడిలో రాయను? అందుకని ఇక్కడ రాశాను.

ఫిబ్రవరి 18. ఆదివారం

మళ్లీ రాస్తున్నాను. అలవాటైపోయేలా ఉంది.

నలభై ఏళ్లు బార్బర్ షాపులో నిలబడ్డవాడికి చేతులు ఊరికే ఉండవు. ఎనిమిదో తరగతితో చదువు ఆపాను. నాకొచ్చిన లెక్కలన్నీ షాపులో పడి ఉండే పేపర్ల ఆటల పేజీలోంచి వచ్చినవే. మనిషి తల వెనక్కి వంచి సబ్బునురగ రాస్తూ, అద్దంలో కుడిఎడమలుగా కనిపించే పేపర్లో ఎవడి సగటెంతో లెక్కవేసేవాణ్ణి. ఒకసారి ఆ ధ్యాసలో పడి ఒక మేయరు గారి కుడిపక్క మీసం కాస్తా... అది వేరే కథ. ఆయన ఆ ఏడు ఎన్నికల్లో ఓడిపోయాడు, కానీ నా వల్ల కాదు.

జరిగిపోయిన సీజన్‌ని పాచికలతో మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా మళ్లీ ఆడి, ప్రతి బ్యాటర్నీ రాసిపెట్టుకునే పిచ్చి ఈ దేశంలో చాలామందికే ఉంది. పెద్ద లీగులకైతే ఆటగాళ్ల అట్టముక్కలు అచ్చేసి అమ్ముతారు. మా పోర్ట్ హాడ్లీ డాక్‌మెన్ జట్టుకి ఎవడు అచ్చేస్తాడు? పగలంతా రేవులో ముడి ఇనుము దింపి, సాయంత్రం బ్యాటు పట్టిన మనుషులు. లైబ్రరీలో పాత పేపర్ల ఫిల్ము తిప్పి తిప్పి నేనే చేశాను. ఆ ఏడు ఒక్కొక్కడు నిజంగా ఎంత ఆడాడో, ఆ పాళ్లలోనే ముప్పై ఆరు గళ్లు నింపాను.

పేపర్లో ఇరుకు వరసల్లో సొబ్‌చాక్ ఏనాడూ పూర్తిగా పట్టలేదు. ఒకరోజు ‘సొబ్‌క్’, ఒకరోజు ‘స్‌చాక్’, ఒకరోజు ఏకంగా ‘సోబర్’. ఈ ముగ్గురూ ఒకే మనిషని పోల్చుకునేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. అన్నీ దొరికాయి గానీ ఒక్కటి దొరకలేదు. బ్యాటు పట్టేది ఎడమచేతి వాటంగానా, కుడిచేతి వాటంగానా? అది లేకుండా అట్టముక్క పూర్తికాదు. ఊరి వారపత్రికలో ప్రకటన వేయించాను. ఫోను మోగింది.

“ఆ ప్రకటన వేసింది నువ్వేనా?”

“నేనేనండి. మీకు తెలుసా?”

“తెలీదు. నేను ఆయన్ని చూళ్లేదు. ఆయన కూతుర్ని. కానీ నాది ఎడమచేతి వాటం. మా అమ్మది కాదు, అమ్మమ్మది కాదు. ఇది సాక్ష్యం కిందకి వస్తుందా?”

రాదన్నాడు నాలాగే ఈ పాచికలాట ఆడే స్నేహితుడు మెర్ల్. నేను ‘ఎడమ’ అని రాశాను. సిరాతో.

తర్వాతి శనివారం ఆవిడ ఆ అట్టముక్క చూడటానికి వచ్చింది. పోయిన నా భార్య ఆర్డిత్ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది, ఆ సంగతి ఆవిడకి తెలీదు. అప్పట్నుంచి ప్రతి శనివారం వస్తోంది. పాచికలు మాత్రం ముట్టుకోదు. “నా చేత్తో వేసి ఆయన అవుటైతే నేను తట్టుకోలేను, నువ్వే వెయ్,” అంటుంది.

ఫిబ్రవరి 20

మెర్ల్ ఫోను. వీడు అయోవాలో ఉంటాడు. పోస్ట్‌మన్‌గా చేసి దిగిపోయాడు. నాకన్నా ఎక్కువ సీజన్లు ఆడాడు, నాకన్నా ఎక్కువ మాట్లాడతాడు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నది ఒక్కసారే, అదీ ఆర్డిత్ అంత్యక్రియలకి వచ్చినప్పుడు.

“ఎక్కడిదాకా వచ్చావురా?”

“జూన్ ఆఖరు.”

“అయితే నీ సొబ్‌చాక్ పోబోతున్నాడు.”

“జూలై పద్నాలుగు దాకా ఉన్నాడు.”

“ఆవిడకి చెప్పావా?”

“చెప్పడమేమిటి, ఆవిడ తండ్రేగా. ఎప్పుడు పోయాడో తెలీదా?”

“పోయాడని తెలుసు. నువ్వు తీసేస్తావని తెలుసా?”

మీ వైపు మంచు ఎలా ఉందని అడిగాను.

మెర్ల్‌కీ నాకూ నియమాలు రెండే. ఒకటి: ఏ తేదీన నిజంగా ఎవరు ఆడారో ఆ తేదీన వాళ్లే ఆడాలి. జబ్బుపడ్డవాడూ వేరే జట్టుకి వెళ్లినవాడూ పోయినవాడూ ఆ తేదీ నుంచి ఉండకూడదు. రెండు: పడిన పాచిక పడినట్టే, వెనక్కి తీసుకోకూడదు. ఈ రెండూ లేకపోతే ఇది ఒక ముసలాడు బల్ల మీద గవ్వలాడుకోవడం. అందుకే కాగితం తీయగానే ముందు తేదీ వేస్తాను. పేర్లు ఆ తర్వాతే. ఈ వరస ఎన్నడూ తప్పలేదు.

ఫిబ్రవరి 24. శనివారం

రెండు ఆటలు. సొబ్‌చాక్ బాగా ఆడాడు. బెర్నడీన్ ఈస్టర్ ముందు ఉపవాస దినాలని తీపి మానేసింది, అంచేత నాకు కూడా లేదు. నిన్న చర్చి నేలమాళిగలో వేయించిన చేపలు మాత్రం పొట్లం కట్టి తెచ్చింది. చల్లారిపోయాయి. తిన్నాను.

ఫిబ్రవరి 27

ఏమీ లేదు. వాన, మంచు, మళ్లీ వాన.

మార్చి 3. శనివారం

ఆట అయ్యాక సరిచూస్తుంటే, ఏం చేస్తున్నావని అడిగింది బెర్నడీన్. నేర్పాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బ్యాటు పట్టి వచ్చినవాళ్లందరి మొత్తం ఒక పక్క. పరుగు పూర్తిచేసినవాళ్లు, అవుటైనవాళ్లు, ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్ మీదే నిలబడిపోయినవాళ్లు, ఈ మూడు రకాలూ కలిపి ఇంకో పక్క. రెండూ సమానం కావాలి. ఒక్కడు తేడా వస్తే ఎక్కడో ఒక మనిషిని పోగొట్టుకున్నట్టే. వెనక్కి వెళ్లి వెతకాలి. వాడు ఎక్కడో ఉంటాడు.

“ఎవరూ తప్పిపోరా?” అంది.

“తప్పిపోవడానికి చోటు లేదండీ.”

“నాలుగో రకం లేదూ?”

“లేదు. పరుగు, అవుటు, లేదా అక్కడే నిలబడిపోవడం. వచ్చిన ప్రతివాడూ ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట ఉంటాడు.”

ఆవిడ కాగితాన్ని తన వైపు తిప్పుకుని వేలితో ఒక్కొక్క పేరూ తనే లెక్కపెట్టుకుంది. సరిపోయింది. “మా ఫాదర్ గారు ప్రతి ఆదివారం అంతసేపు చెప్తాడా, ఇంత మంచి మాట ఒక్కటి చెప్పలేదయ్యా,” అంది.

ఎన్ని వేలసార్లు సరిచూశానో నాకే తెలీదు. పళ్లు తోముకున్నట్టు చేసే పని. ఆవిడ ఆ మాట అన్నాక కాగితం మళ్లీ చూశాను. డెబ్బై, ఎనభై ఏళ్ల కిందట రేవులో దుమ్ము దులుపుకుని వచ్చి బ్యాటు పట్టిన ప్రతి మనిషికీ లెక్క ఉంది. పేపరువాడు పేరు తప్పు వేసినా లెక్కలో మనిషి తప్పిపోలేదు. ఇంతకాలం నేనేదో కాలక్షేపం చేస్తున్నాననుకున్నాను.

మార్చి 10. శనివారం

ఆవిడే ఎత్తింది.

“పద్నాలుగో తారీఖు దగ్గరికి వచ్చేస్తోందిగా?”

“వచ్చేస్తోంది.”

“తర్వాత ఆయన చోట్లో ఎవరు?”

“లెస్టర్ యోస్ట్. పంతొమ్మిదేళ్లవాడు. బ్యాటు పట్టుకోవడం కన్నా టోపీ పెట్టుకోవడం బాగా వచ్చు వాడికి.”

“మార్చి తీరాలా?”

“నియమం అండీ.”

“ఎవరు పెట్టారు?”

“ఎవరూ పెట్టలేదు. అందరం పాటిస్తాం.”

“అచ్చం చర్చిలాగే ఉందే,” అని లేచి చేతితొడుగులు వేసుకుంది. వెళ్లేటప్పుడు ప్రతిసారీ ‘శనివారం చూద్దాం’ అంటుంది. ఇవాళ అనలేదు. మర్చిపోయి ఉంటుంది.

మార్చి 11

ఆలోచిస్తే శనివారాలు ఖాళీ అవడం మంచిదే. గరాజు ఎప్పట్నుంచో సర్దాలి. ఆవిడ కూర్చుంటే మధ్యాహ్నానికి రెండు ఆటలకి మించి సాగడం లేదు. లేకపోతే నాలుగు ఆడచ్చు. తండ్రి లేని ఆట చూడటానికి ఎవరు మాత్రం వస్తారు, ఎందుకు రావాలి? సీజన్ వేసవికల్లా అయిపోతుంది. మంచిదే.

మార్చి 12

గరాజు సర్దలేదు. చలి.

మార్చి 17. శనివారం

వచ్చింది. పచ్చ స్కార్ఫు కట్టుకుంది. “ఇవాళ ఐరిష్‌వాళ్ల పండగ, పోలిష్‌దాన్నైనా ఊరితో గొడవెందుకని,” అంది.

జూలై పద్నాలుగు, 1938. గురువారం. శాండ్ క్రీక్ జట్టు మీద, సొంత మైదానంలో. కాగితం మీద తేదీ వేశాను. పేర్లు రాశాను. మొదటి పేరు సొబ్‌చాక్‌దే, షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి దొరికిందల్లా పట్టుకునేవాడు, బ్యాటు పట్టుకుని అందరికన్నా ముందు వచ్చేవాడు.

ఆ రోజు నిజంగా ఆయన కడుపునొప్పితోనే ఆడాడు. పేపర్లో ఒకే వాక్యం ఉంది: ఏడో ఇన్నింగ్స్‌లో నలతగా ఉండి తప్పుకున్నాడని. పచ్చి యాపిల్స్ తిన్నాడని ఊళ్లో అనుకున్నారట. అది అపెండిక్స్. లోపల పగిలిపోయింది. ఆదివారానికి పోయాడు.

నా బల్ల మీద మాత్రం రెండుసార్లు బంతిని చక్కగా మైదానంలోకి కొట్టాడు. ఒకసారి బంతి విసిరేవాడి కన్నుగప్పి పరిగెత్తి తర్వాతి బేస్ కూడా దొంగిలించాడు. ఏడో ఇన్నింగ్స్ వచ్చింది. నియమం ప్రకారం నేనూ అప్పుడే తీయాలి. తీశాను.

“నొప్పితో ఉన్నాడని ఈ అట్టముక్కకి తెలుసా?” అంది బెర్నడీన్.

“తెలీదు. దానికి ఆ ఏడాది మొత్తమే తెలుసు.”

“పోన్లే. ఇక్కడైనా నొప్పి లేకుండా ఆడాడు.”

కాఫీ పెట్టాను. ఆవిడ సగం తాగి, “వచ్చే శనివారం రమ్మంటావా?” అంది.

“తలుపు వేసుకుని కూర్చోను,” అన్నాను. అదేం జవాబో నాకే తెలీదు.

మార్చి 20

యోస్ట్ అట్టముక్క వెతికి తీసి పైన పెట్టాను. పేపర్ ప్రకారం పదిహేను, పదహారు తేదీల్లో వానలు. ఆదివారం ఆట ఆపేశారు, సోమవారం ఆట లేదు. తర్వాతది మంగళవారం పంతొమ్మిదిన, వెస్లీలో.

మార్చి 22

కొత్త కళ్లద్దాలు ఇంకా రాలేదు. బల్ల దగ్గర ఈ మధ్య వెలుతురు సరిపోవడం లేదు. బల్బు మార్చాలి.

మార్చి 24. శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

బెర్నడీన్ కాస్త ముందే వచ్చింది. కోటు తీయకుండానే కూర్చుంది. నేను హడావుడిలో ఉన్నాను. కాగితం తీసి నేరుగా పేర్లు రాసేశాను, తేదీ తర్వాత వేసుకోవచ్చని. మొదటి పేరు, చేతికి అలవాటైన పేరే పడింది. ఆవిడ కోటు నెమ్మదిగా తీసి కుర్చీకి తగిలించింది.

సొబ్‌చాక్ మొదటిసారి నడక. రెండోసారి అవుటు. మూడోసారి మళ్లీ నడక. నాలుగోసారి అవుటు. వెస్లీవాళ్లు నాలుగు, మనవాళ్లు మూడు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇదే మన ఆఖరి వంతు. మొదటివాడు అవుటు. రెండోవాడు అవుటు. మూడో అవుటు పడితే ఆట అయిపోయినట్టే. సొబ్‌చాక్ వచ్చాడు.

ఎర్రది ఒకటి. తెల్లది తిరుగుతూ తిరుగుతూ ఉప్పు సీసాకి తగిలి ఆగింది. ఒకటి.

పదకొండు. ఆయన అట్టముక్కలో పదకొండు దగ్గర ‘ట్రిపుల్’ అని ఉంది. కొట్టిన దెబ్బకి ఏకంగా మూడు బేస్‌లు. ఆ ఏడాది మొత్తం మీద ఆయన అలాంటివి మూడే కొట్టాడు, ముప్పై ఆరింట్లో ఆ ఒక్క గడీ ఇవ్వడానికే నేను కిందామీదా పడ్డాను. ఆవిడ ఎదురుగా ఉండగా ఒక్కసారీ పడలేదు.

“ట్రిపుల్,” అన్నాను.

బెర్నడీన్ లేచి నిలబడింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, మోకాలు బాగాలేని మనిషి, బల్ల పట్టుకోకుండా లేచింది. “పరిగెత్తుతున్నాడా?” అంది.

“పరిగెత్తుతున్నాడు.”

“ఎక్కడున్నాడు?”

“రెండో బేస్ దాటాడు. దాటి... మూడో దానికి వచ్చేశాడు. నిలబడ్డాడు.”

ఇద్దరం కిటికీ కేసి చూశాం. కిటికీలో ఏముంది? పక్కింటివాళ్ల చెత్తడబ్బా. అయినా ఇద్దరం అటే చూశాం. ఆయన తొడ మీద దుమ్ము దులుపుకోవడం నేను చూశాను. ఇది రాసుకోవడానికి నాకు సిగ్గులేదు. ఆవిడ ఏం చూసిందో నేను అడగలేదు.

తర్వాత బ్యాటర్‌కి పాచికలు వేశాను. ఎత్తుగా లేచిన బంతి, పట్టేశారు. ఆట అయిపోయింది. నాలుగు-మూడు, ఓటమి.

సరిచూశాను. వచ్చినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. పరుగులు మూడు, అవుట్లు ఇరవై ఏడు, నిలబడిపోయినవాళ్లు ఎనిమిది మంది. ముప్పై ఎనిమిది. ఒకేసారికి సరిపోయింది. ఎవరూ తప్పిపోలేదు.

గుమ్మం దాకా వెళ్లి ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. అంతే.

మార్చి 25. ఆదివారం

తేదీ వేద్దామని ఇవాళ పేపరు నకలు తీశాను. పంతొమ్మిది జూలై. సొబ్‌చాక్ పోయి అప్పటికి రెండు రోజులు. పోయిన మనిషిని ఆడించాను.

పొరపాటు. చేతి అలవాటు. మెర్ల్‌కి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

“పాచికలు పడ్డాయా?” అన్నాడు.

“పడ్డాయి.”

“అయితే ఆట నిలుస్తుంది. రెండో నియమం.”

“మొదటి నియమం మాటేమిటి?”

“ఆడకూడనివాణ్ణి ఆడించిన జట్టుకి శిక్షేమిటి?”

“ఓడినట్టు రాయాలి.”

“మీవాళ్లు గెలిచారా?”

“ఓడారు.”

అవతల నుంచి వాడి దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. “చచ్చినవాణ్ణి ఆడించి కూడా ఓడిపోయారంట్రా! ఇక నేను వేసే శిక్షేముంది? పడాల్సింది పడనే పడింది. కాగితం మార్చకు, అలాగే దాచు.”

“సరే.”

“ఒక్కటి అడుగుతాను చెప్పు. ముందు తేదీ వేసి తర్వాత పేర్లు రాసేవాడివి కదా, ముప్పై ఏళ్లుగా?”

“వెలుతురు సరిగా లేదు.”

“మధ్యాహ్నం రెండింటికా?”

“బల్బు పాడైంది.”

“సరేలేరా ముసలోడా,” అని పెట్టేశాడు.

బల్బు మార్చాను. పాతది ఇంకా వెలుగుతోంది. అయినా మార్చాను.

మార్చి 26

దీని గురించే ఆలోచిస్తున్నాను. ఆ తర్వాతి బ్యాటర్‌కి మంచి అంకె పడి ఉంటే సొబ్‌చాక్ పరుగు పూర్తిచేసేవాడు, స్కోరు సమమయ్యేది, బహుశా గెలిచేవాళ్లం. అప్పుడు ఆ గెలుపు కొట్టేయాల్సి వచ్చేది. ఆయన మామూలుగా అవుటై ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. ఈ రెండు నియమాల మధ్య ఒక్క మనిషి పట్టేంత సందు ఉందని నాకు ఇన్నేళ్లలో తెలీదు. పాచికలు సరిగ్గా తీసుకెళ్లి ఆయన్ని ఆ సందులో నిలబెట్టాయి.

ఆయన్ని నేను ఆడించాననుకోవడం ఒట్టి గొప్పలకి పోవడమే.

మార్చి 31. శనివారం

ఆవిడకి చెప్పక తప్పదు. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకుని ఉంచాను. ఆవిడ ఈస్టర్‌కని చర్చిలో దీవెన పట్టించిన గుడ్ల బుట్టతో నేరుగా ఇటే వచ్చింది. కోటు ఉండగానే అంది:

“తేదీ వేశావా?”

“వేశాను. మీకు...”

“నాకు తెలుసయ్యా. నువ్వు పైన ఆయన పేరు రాస్తున్నప్పుడే తెలుసు. నోరు మూసుకున్నాను. పంతొమ్మిదో తారీఖు. ఆ పూట ఆయన మా ఇంటి ముందుగదిలో పెట్టెలో ఉన్నాడు. పక్కన కుర్చీలో అమ్మ, అమ్మ కడుపులో నేను. ఊరంతా వచ్చి చూసి వెళ్లారు. ఆ గదిలో ఉండి కూడా చూడనిదాన్ని నేనొక్కదాన్నే.” బుట్ట బల్ల మీద పెట్టింది. “అదే పూట ఇక్కడ పరిగెత్తాడు. ఇది నేను చూశాను.”

కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

“ఫాదర్ గారి దగ్గర పాపం చెప్పుకుందామని వరసలో నిలబడ్డాను,” అంది. “ఏమని చెప్పను? చచ్చిపోయినాయన్ని షార్ట్‌స్టాప్‌లో పెడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పనా? ఆయన కొత్తగా వచ్చిన కుర్ర ఫాదరు, భయపడతాడు. వెనక మనిషిని ముందుకి పొమ్మని వచ్చేశాను.”

మెర్ల్ తీర్పు చెప్పాను. ఓడారు కాబట్టి ఆట నిలుస్తుందనే చోట పడీపడీ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. తర్వాత అడిగింది.

“అయితే ఇప్పుడాయన మూడింట్లో దేంట్లో ఉన్నాడు?”

“నిలబడిపోయినవాళ్లలో.”

“అక్కడే ఉంటాడా?”

“అక్కడే. ఆట నిలిచింది కదా. ఇక ఎవరూ తీయలేరు.”

ఇంకోసారి ఆడించమని అడుగుతుందనుకున్నాను. అడిగితే ఏమనాలో తెలీదు. అడిగితే బాగుండునని కూడా అనుకున్నాను, ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు కనక. ఆవిడ అట్టముక్క తీసుకుంది. ఇంటికి పట్టుకెళ్తుందేమో అనుకున్నాను. పెట్టెలో దాని చోట్లో, వరసలో, అంచు సరిచేసి మరీ పెట్టింది.

“ఉండనీ. అక్కడ బాగున్నాడు. ఆ యోస్ట్ కుర్రాణ్ణి దించు,” అంది.

రెండు గుడ్లు ఇచ్చి వెళ్లింది. శనివారం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 1. ఈస్టర్

ఒక గుడ్డు తిన్నాను. ఒకటి ఉంచాను.

ఏప్రిల్ 3

ఫోను మోగింది. కిటికీలు అమ్మేవాడు.

ఏప్రిల్ 4

వేరే జట్ల ఆటలు నాలుగు ఆడాను. అన్నీ సరిపోయాయి. డాక్‌మెన్ ఆట మాత్రం శనివారానికి ఉంచాను. వరస అలా వచ్చింది.

ఏప్రిల్ 5

గరాజు మొదలుపెట్టాను. ఆర్డిత్ మంచుబూట్లు కనిపించాయి. మూసేశాను.

ఏప్రిల్ 6

ఉంచిన గుడ్డు కూడా తిన్నాను. చెడిపోతుంది కదా.

ఏప్రిల్ 7. శనివారం

కాగితం తీశాను. ముందు తేదీ వేశాను. జూలై 20, 1938. పేర్లు రాశాను.

రెండు దాటాక బెర్నడీన్ వచ్చింది. గసగసాల రొట్టె తెచ్చింది. కోటు తీసి కుర్చీకి తగిలించింది.

“ఎవరు ముందు?” అంది.

“యోస్ట్.”

వాడి అట్టముక్క కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది. “అయ్యో పాపం, ఏమీ లేదు కదయ్యా వీడి దగ్గర,” అని నా చేతిలోంచి పాచికలు తీసుకుని తనే వేసింది. నలభై మూడు. రెండో బేస్ వైపు నేలబారు బంతి. అవుటు. రాసుకున్నాను.